ఉన్న, ఉన్నది

చర్చి యువజన సేవలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు శిక్షణ పెడుతున్నామనీ, నేను వచ్చి ఓ గంట మాట్లాడాలనీ పోయిన నెల ఇద్దరు మా ఇంటికి వచ్చారు. అంశం కూడా వాళ్ళే తెచ్చారు: యువజన సేవలో విజయం సాధించడం ఎలా. ఐదు సూత్రాలుగా చెబితే తెర మీద వేయడానికి వీలుగా ఉంటుందని అందులో ఒకబ్బాయి అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఇదే పని చేసినదాన్ని, ఐదేమిటి, యాభై చెప్పగలను. గిటారు వాయించేవాళ్ళ కంటే భోజనాలయ్యాక గిన్నెలు కడగడానికి లేచేవాళ్ళే ఈ పనిలో ఎక్కువ కాలం నిలుస్తారు. పిల్లల పేర్లు గుర్తుపెట్టుకోవాలి. ప్రసంగం వాళ్ళ ఆకలి వేళ దాటకూడదు. ఇవన్నీ నిజమే. కానీ ఇవి చెప్పి ఊరుకుంటే అసలు సంగతి దాచినదాన్నవుతాను. మాట్లాడడానికి రాననీ, రాసిస్తాననీ చెప్పి పంపాను. చాయ్ తాగి, కాస్త అనుమానంగానే వెళ్ళారు.

నేను సిర్గాపూర్ దగ్గరి ఊళ్ళో పుట్టాను. మిషను వాళ్ళ కాలంలోనే మా తాతలు క్రైస్తవ నమ్మకంలోకి వచ్చారు. డిగ్రీ అయ్యాక సంఘం నన్ను యువజన పరిచారకురాలిగా తీసుకుంది. పదవీ విరమణ దాకా అదే కొలువు. నారాయణఖేడ్‌లో బస్సు డిపో వెనక సందులో ఒక గది, వారానికి నాలుగైదు ఊళ్ళు. బస్సు పోయినంత దూరం బస్సు, ఆపైన ఆటో, ఆటో కూడా పోని చోటికి కాళ్ళు. మొదట్లో నన్ను అక్కా అని పిలిచినవాళ్ళ పిల్లలు పెద్దయ్యి వాళ్ళూ అక్కా అనే పిలిచారు. యాభై దాటినా అక్కనే. అందుకు లోలోపల మురిసిపోయేదాన్ని.

మా వైపు పొలాలు వానను నమ్ముకున్నవి. కందులు, పత్తి ఇంటికి చేరగానే ఊళ్ళు కదులుతాయి. కొందరు చెరుకు కొట్టడానికి కర్ణాటక వైపు, ఎక్కువమంది హైదరాబాదుకు. పండుగ రోజు చర్చి నిండా ఉన్న యువకులు నెల తిరిగేసరికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మిగులుతారు. వలసను ఆపడం నా వల్ల కాదు. కానీ పై వాళ్ళకు పంపే హాజరు పట్టీ మాత్రం నా చేతిలోనే ఉండేది. గైర్హాజరు గళ్ళు చూస్తే నాకు పంటికింద రాయి తగిలినట్టు ఉండేది. ఈ సంఘంలో పని జరగడం లేదా అని ఎవరైనా అడుగుతారేమోనన్న భయం ఒకటి, పక్క మండలం వాళ్ళ పట్టీ నిండుగా ఉందన్న కడుపుమంట ఒకటి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కంగ్టి వైపు ఒక ఊళ్ళో రాతి గోడల పాత చర్చి ఉంది. మా దగ్గర క్రైస్తవులు కూడా దాన్ని గుడి అనే అంటారు. అక్కడి యువజన కూటం ఆదివారం పగలు రెండింటికి. వలస పోయిన ప్రతి ఒక్కరికీ ఊళ్ళో మిగిలిన ఒకరిని జత చేశాను. పేరు పిలిచినప్పుడు ఉన్నవాళ్ళు "ఉన్న" అనాలి. పోయినవాళ్ళ పేరు వస్తే వాళ్ళ జత మనిషి లేచి "ఉన్నడు" అనో "ఉన్నది" అనో బదులు పలకాలి. ఆ వారమంతా వాళ్ళకోసం ప్రార్థించాలి. శరీరంతో దూరంగా ఉన్నా ఆత్మలో మన మధ్యే ఉన్నారన్నది భావం. వినడానికి ఎంత బాగుందో చూడండి. పాస్టరయ్య మెచ్చుకున్నాడు. పై వాళ్ళు వచ్చి చూసి, మిగతా సంఘాల్లోనూ ఇలాగే చేయమన్నారు. నేను "ఉన్న"కూ టిక్కు పెట్టాను, "ఉన్నది"కీ టిక్కు పెట్టాను. పట్టీ నిండింది.

అలా రెండేళ్ళు గడిచాయి. పలకడం పాటలా అలవాటైపోయింది. నేను కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, వేలు వరుస మీద పెట్టుకుని, తల ఎత్తకుండా పిలుచుకుంటూ పోయేదాన్ని. గొంతు వినబడితే టిక్కు. ఎవరి గొంతని చూసే తీరిక ఎక్కడిది? ఆ తర్వాత పాటలు, ఆటలు, ప్రసంగం, మళ్ళీ సాయంత్రం ఇంకో ఊరు.

ఆ కూటంలో ఒక అమ్మాయి ఉండేది. పేరు రాయను. చిన్నప్పుడు ఏదో జబ్బు చేసి ఆమె గొంతు బొంగురుపోయింది. ఇటుకను గచ్చు మీద గీకినట్టు ఉండేది. పాటల్లో ఆమెను నేనే వెనక వరుసకు జరిపాను, ఇది కూడా చెప్పాలి. తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. డిగ్రీ రెండో ఏడు మానేసింది. ప్రశ్నలు అడిగే పిల్ల. మిగతావాళ్ళు నేను చెప్పింది రాసుకుంటే, ఈమె మాత్రం మరి మా అమ్మ ప్రార్థించినా వాన ఎందుకు పడలేదని అడిగేది. నాకు ఇష్టంగానే ఉండేది, కాస్త విసుగ్గానూ ఉండేది.

కందులు అయిపోయిన రోజుల్లో ఒక ఆదివారం కూటం అయ్యాక ఆమె నా వెంట ఆటో దాకా నడిచింది. పటాన్‌చెరు అవతల ఎక్కడో సామాన్లు ప్యాకింగు చేసే గోదాము ఉందట. కూలీలను కుదిర్చే మేస్త్రి ఒకడు ఆడపిల్లల గుంపును తీసుకుపోతున్నాడట, ఉండడానికి గది వాళ్ళే ఇస్తారట. తల్లి పొమ్మంటోంది, తనకే ఎటూ తేలడం లేదు.

"పోవాల్నా వద్దా, నువ్వు చెప్పక్కా. నువ్వు వద్దంటె పోను," అంది.

ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నా తల నిండా యువజన సమ్మేళనం పనులున్నాయి. మేస్త్రి ఎవరు, గది ఎలాంటిది, తలుపుకు గడియ ఉందా లేదా అని ఒక్క మాటా అడగలేదు. పో బిడ్డా, మేమంతా ప్రార్థిస్తాం, నీ పేరు ఇక్కడ ఉంటుంది అన్నాను. ఆమె తలూపింది. వచ్చే ఆదివారానికి ఆమె చిన్ననాటి స్నేహితురాలిని జత చేశాను. ఆ పిల్ల లేచి సన్నటి గొంతుతో "ఉన్నది" అంది. టిక్కు పెట్టాను.

రెండు నెలలు గడిచాయి. రోజూ పొద్దున్నే నేను అందరి ఫోన్లకూ ఒక పూల బొమ్మ, దాని మీద ఒక మంచి మాట పంపేదాన్ని. కొన్నాళ్ళకు ఆమెకు పంపినవి చేరడం మానేశాయి. అది నేను గమనించలేదు, తర్వాత వెనక్కి వెళ్ళి చూస్తే తెలిసింది. చేరాయో లేదో చూసుకోకుండా పంపుతూ పోయాను.

ఎండలు ముదిరిన రోజులు. ఆ ఆదివారం ఊళ్ళోకి నడిచి వెళ్తుంటే ఒక్క మనిషి ఎదురుపడలేదు. వరుసగా ఇళ్ళు, వరుసగా తాళాలు. కంది కట్టె మోపులు గోడలకు ఆనించి ఉన్నాయి. కుక్కలు కూడా మొరగలేదు, నీడల్లో పడుకుని తల తిప్పి చూశాయంతే. గుడిలో పదిపదిహేనుమంది ఉన్నారు. పేర్లు పిలిచాను, పలికారు, టిక్కులు పెట్టాను. తిరుగు ప్రయాణంలో ఆటోలో కూర్చుని పత్తి చేలలో ఎండిపోయిన మోళ్ళు చూస్తుండగా నా చెవిలో ఏదో అడ్డం పడింది. ఆమె పేరు పిలిచినప్పుడు "ఉన్నది" అని కదా రావాలి. "ఉన్న" అని వచ్చింది. అది కూడా బొంగురు గొంతుతో.

వచ్చిందేమో, వెనకెక్కడో కూర్చుందేమో అనుకున్నాను. కానీ వస్తే నా దగ్గరికి రాకుండా పోదు. ఎండ దెబ్బకు చెవులు మోసం చేసి ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. వారమంతా ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా వేరే పని పెట్టుకున్నాను.

తర్వాతి ఆదివారం కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాను. పేర్లు నాకు నోటికి వచ్చు. పట్టీ కేసి కాక మనుషుల కేసి చూస్తూ పిలిచాను. అన్నేళ్ళలో అలా చూస్తూ పిలవడం అదే మొదలేమో, పిల్లలు ఇబ్బందిగా కదిలారు. సగం పేర్లకు వాళ్ళలో ఎవరో ఒకరు లేచి బదులు పలుకుతున్నారు. ఒక్కొక్కరికి ముగ్గురు నలుగురు జతలు. ఆడపిల్లల వైపు మూడో కిటికీ దగ్గర చాప మీద ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అటూ ఇటూ పిల్లలు ఒత్తుకుని కూర్చున్నారు, ఆ చోటులోకి మాత్రం ఎవరూ జరగలేదు.

ఆమె పేరు పిలిచాను. ఎవరూ లేవలేదు. ఒక్క పెదవి కూడా కదలలేదు.

"ఉన్న."

కిటికీ దగ్గరి నుంచి వచ్చింది. పెద్దగా కాదు, నీరసంగా, నిద్రలోంచి లేపితే పలికినట్టు. చేతిలో పెన్ను ఎప్పుడు జారిందో తెలీదు, అది రాతి నేల మీద దొర్లిన చప్పుడు వినబడింది. పిల్లల ముఖాలు చూశాను. ఎవరికీ ఆశ్చర్యం లేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. తరువాతి పేరు కోసం ఎదురుచూస్తున్నారు.

ఇప్పుడు పలికింది ఎవరని అడిగాను. అందరూ తలలు దించుకున్నారు. ఆమె జత పిల్ల ఏదని అడిగితే, ఆ పిల్ల కూడా మూడు వారాల కిందటే బాలానగర్ పోయిందని చెప్పారు. ఆ పిల్ల పేరుకు మరొకరు బదులు పలుకుతుండడంతో నాకు తెలియలేదు. కూటం కార్యదర్శి, సైకిళ్ళూ బండ్లూ బాగుచేసే కుర్రాడు, చివరికి నోరు విప్పాడు.

"మూడు ఆదివారాల సంది ఇంటున్నం అక్కా."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు టిక్కు పెడ్తనే ఉన్నవ్ గద. నీకు ఎర్కే అనుకున్నం."

ఈ మాట దగ్గర ఆగండి. మీరు ఈ పనిలో ఎంత దూరం పోయినా ఇలాంటి మాట మిమ్మల్ని ఎవరూ అనకుండా చూసుకోండి. ఆ పిల్లలు మొద్దులు కారు. రెండేళ్ళు నేనే వాళ్ళకు నేర్పాను, లేని మనిషి ఉన్నట్టు పలకడం. పలికితే నేను టిక్కు పెడతానని కూడా నేర్పాను. ఇప్పుడు ఎవరూ లేని చోటు నుంచి గొంతు వస్తే, ఇది కూడా అక్క పద్ధతిలో భాగమే అనుకున్నారు.

ఆ రోజు ప్రసంగం చేయలేకపోయాను. అందరినీ పంపేశాక గుడి ఊడ్చే అవ్వ చీపురు పట్టుకుని వచ్చింది. ఆమెకూ తెలుసు. చాప కింద దుమ్ము తీస్తూ, నా కేసి చూడకుండానే అంది.

"నువ్వు పిలుస్తున్నవు, ఆ పిల్ల పలుకుతున్నది. ఇగ ఈడ కూసోని ఏం జేస్తవ్ బిడ్డా. పోయి సూడరాదు."

పోవలసింది. అప్పుడే, ఆ ఎండలోనే, వచ్చిన ఆటోలోనే పోవలసింది. పోలేదు. ఆమె ఇంటికి వెళ్ళాను, తాళం. తల్లి చెరుకు కొట్టడానికి బీదర్ వైపు పోయింది, ఆమె దగ్గర ఫోను లేదు. అమ్మాయి ఫోను బందు. కార్యదర్శి ఎవరినో పట్టుకుని మేస్త్రి నంబరు తెచ్చాడు. మేస్త్రి మర్యాదగా మాట్లాడాడు.

"మంచిగనే ఉన్నది మేడం, డ్యూటీల ఉన్నది. జరంత జ్వరమొచ్చింది, తగ్గింది. పరేషాన్ కాకుండ్రి."

ఒక్కసారి ఆమెతో మాట్లాడించమంటే, సాయంత్రం చేయిస్తానన్నాడు. సాయంత్రం ఫోను ఎత్తలేదు. పాస్టరయ్యతో చెప్పాను, గొంతు సంగతి సగం మింగి మిగతాది చెప్పాను. సమ్మేళనం వచ్చే ఆదివారమే కదా, అది కానిచ్చుకుని సోమవారం పోదువు, ఒక్క వారంలో ఏం కాదు అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను వినాలనుకున్న మాటే ఆయన అన్నాడు. ఆ ఏడు నిండు హాజరుకు షీల్డు మాకేనని నాకు ముందే తెలుసు. ఆ వారం రోజులూ బ్యానర్లు కట్టించాను, వంటవాళ్ళతో మాట్లాడాను. మధ్యలో ఎక్కడైనా కాస్త నిశ్శబ్దం దొరికితే భయమేసి ఎవరితోనో ఒకరితో మాట కలిపాను.

సమ్మేళనం నారాయణఖేడ్‌లోనే, చర్చి ఆవరణలో షామియానా వేసి. నాలుగు మండలాల యువకులు వచ్చారు. పగలు భోజనాలకు ముందు, మా పద్ధతి అందరికీ చూపించడానికి పై నుంచి వచ్చిన పెద్దాయన మా కంగ్టి కూటం పట్టీ చేతిలోకి తీసుకుని మైకులో పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. మా పిల్లలు వరుసగా లేచి పలుకుతున్నారు. ఉన్న, ఉన్నడు, ఉన్న, ఉన్నది. జనం చప్పట్లు కొడుతున్నారు. నేను మొదటి వరుసలో కూర్చుని ఒక్క పేరు కోసం ఎదురుచూస్తున్నాను. దానికి కొత్త జతను నేను పెట్టలేదు. పెట్టడానికి చేయి రాలేదు.

ఆ పేరు వచ్చింది. మైకులో గట్టిగా, చర్చి గోడలకు తగిలి తిరిగి వచ్చింది.

ఎవరూ పలకలేదు. మా పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, తర్వాత అందరూ నా ముఖం చూశారు. నేను ఆ బొంగురు గొంతు కోసం చెవులు రిక్కించాను. దేవుడా, ఎక్కడినుంచైనా సరే రానీ అనుకున్నాను. వారం కిందట ఆ గొంతు విని వణికినదాన్ని, ఇప్పుడు అది రాకపోతే వణికాను. పెద్దాయన నవ్వుతూ మళ్ళీ పిలిచాడు. షామియానా గుడ్డ గాలికి కొట్టుకోవడం తప్ప ఏ చప్పుడూ లేదు. ఎవరో వెనక నుంచి, నువ్వే చెప్పక్కా, ఉన్నదని చెప్పు అని గుసగుసలాడారు. నోరు తెరిచాను. ఉన్నది అనడానికి నాకు మాట రాలేదు. ఉన్నదో లేదో నాకు తెలియదు.

లేచాను. సంచి భుజాన వేసుకుని కుర్చీల మధ్య నుంచి బయటికి నడిచాను. పాస్టరయ్య వెనకాల వచ్చి షీల్డు తీసుకోవాలి కదా అన్నాడు. ఆయనకు ఏం చెప్పానో గుర్తులేదు. డిపోలో బయలుదేరబోతున్న బస్సు ఎక్కాను. దారి పొడుగునా మేస్త్రికి ఫోను చేస్తూనే ఉన్నాను. సంగారెడ్డి దగ్గర ఎత్తాడు. పోలీసులను వెంటబెట్టుకుని వస్తున్నానని అబద్ధం చెప్పాను. జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో ఆ ఒక్కదాని గురించి పశ్చాత్తాపం లేదు. చోటు చెప్పాడు.

పటాన్‌చెరులో దిగి ఆటో మాట్లాడుకుని వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. గోదాము వెనక రేకుల గదుల వరుస. గదులన్నిటికీ బయట తాళాలు. కూలీలంతా షిఫ్టులో ఉన్నారు. మధ్యాహ్నపు ఎండకు కాలిన రేకులు చల్లారుతూ టక్ టక్ మంటున్నాయి, అది తప్ప ఏ అలికిడీ లేదు. వాచ్‌మన్‌ను అడిగితే మూడో గది చూపించాడు. లోపల పిల్లకు బాగాలేదనీ, చుట్టూ మగవాళ్ళ గదులని తోటి ఆడపిల్లలే భయపడి బయట తాళం వేసి డ్యూటీకి పోతారనీ చెప్పాడు. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుందట.

రేకు తలుపు మీద అరచేతులతో కొట్టాను. జవాబు లేదు. బిడ్డా అన్నాను, అమ్మా అన్నాను. లేదు. అప్పుడు ఎందుకో, ఏం తోచక, పట్టీలో రాసినట్టు ఇంటిపేరుతో సహా ఆమె పూర్తి పేరు పిలిచాను. ఆదివారం పిలిచే స్వరంతోనే.

చాలా సేపటికి, లోపల నేల దగ్గర నుంచి వచ్చింది.

"ఉన్న."

వాచ్‌మన్ రాయి తెచ్చి తాళం పగలగొట్టాడు. పచ్చకామెర్లు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. తోటివాళ్ళు పసరు మందు తాగించి ఊరుకున్నారు. తిండి లేక, నీళ్ళు కూడా నిలవక చాప మీద ముడుచుకుపోయి ఉంది. ఎత్తుకుంటే బరువే లేదు. ఆటోలో నా ఒళ్ళో పడుకోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాను. ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే తాము చేయగలిగేదేమీ ఉండేది కాదని డాక్టరమ్మ నన్ను తిట్టింది. తల్లిననుకుంది. కాదని చెప్పలేదు, తిట్లు నాకు పడవలసినవే. రెండు వారాలు అక్కడే ఉన్నాను. తల్లిని వెతికించి రప్పించాను. పిల్ల బతికింది.

తిరిగి వచ్చాక మొదటి ఆదివారం కంగ్టి కూటంలో బదులు పలకడం మాన్పించాను. పట్టీలో ఉన్న పేర్లన్నీ పిలిచి, పలకని ప్రతి పేరు దగ్గరా ఆగాను. ఆ మనిషి ఎక్కడున్నాడో, ఎవరి దగ్గరున్నాడో, ఫోను కలుస్తుందో లేదో ఎవరికైనా తెలుసా అని అడిగి రాసుకున్నాను. సగానికి పైగా పేర్లకు ఎవరికీ తెలియదు. గైర్హాజరు గళ్ళతో నిండిన ఆ పట్టీనే పైకి పంపాను. ఏమైంది మీ సంఘానికి అని అక్కడి నుంచి ఫోను వచ్చింది. ఏమీ కాలేదు, ఎప్పుడూ ఇంతే అన్నాను.

ఇంతలో సంగతి పాకింది. లేని మనిషి గొంతు గుడిలో పలికిందని, అక్క వెళ్ళి కాపాడిందని. పాస్టరయ్య పొంగిపోయాడు. మహాసభల్లో ఇది సాక్ష్యంగా చెప్పాలన్నాడు, ఆ అమ్మాయిని కూడా వేదిక మీదికి తేవాలన్నాడు. నాకు లోపల ఏదో గుచ్చుకున్నా, కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆశ కూడా పుట్టింది. అంత జరిగినా నా పేరు వినబడే చోటంటే నాకు ఆశే. వానలు మొదలయ్యాక ఒక పగలు ఆమెను అడగడానికి ఊరికి వెళ్ళాను.

ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చాటలో పప్పు ఏరుతోంది. ముఖంలో పసుపు తగ్గింది. జుట్టు పలచబడింది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను, పక్కన కూర్చున్నాను. అన్నం సయిస్తున్నదా, మందులు వాడుతున్నావా అని అడిగాను. మహాసభల మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆలోగా తనే, పప్పులోంచి తల ఎత్తకుండా మొదలుపెట్టింది.

"గా గదిల పండుకొని ఉంటె, ఆదివారం పగటీలి నువ్వు పేర్లు పిలుస్తుంటివి అక్కా. వరుసగ అందరియి ఇనొస్తుండె. నాది రాంగనె పలుకుతుంటి."

చెట్ల మీది నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి.

"ఆఖరి ఆదివారం గూడ పిలిచిన్రు. మైకుల. మగ గొంతు. రెండుసార్లు పిలిచిన్రు. నువ్వు గాదు గద అని పలకలే."

సమ్మేళనంలో జరిగింది ఆమెకు నేను చెప్పలేదు. తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను, ఎవరూ చెప్పలేదు. జ్వరంలో అలాగే అనిపిస్తుందని డాక్టరమ్మ అంటుంది. పాస్టరయ్య వేరే మాట అంటాడు. నాకు ఏది అనాలో తెలియదు, తెలిసినట్టు మీకు రాయను.

ఆమె చాట పక్కన పెట్టి నా కళ్ళలోకి చూసింది.

"నేను పలికింది నీకు ఇనొచ్చిందా?"

లేదని అంటే అక్కడితో అయిపోయేది. ఆ పిల్ల నమ్మేది కూడా.

"ఇనొచ్చింది బిడ్డా," అన్నాను.

"మరి రాలేదేంది?"

కోపంగా అడగలేదు. వాన ఎందుకు పడలేదని కూటంలో అడిగినప్పటిలాగే, జవాబు నాకు తెలుసనుకుని అడిగింది. ఎండ అనాలా, మేస్త్రి మాట నమ్మాననాలా, సమ్మేళనం అనాలా అని వెతుక్కున్నాను. అన్నీ ఉన్నాయి.

"టిక్కు పెట్టిన," అన్నాను.

ఆమె చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని పప్పులో రాళ్ళు ఏరుకోసాగింది.